పేగు శోథ వ్యాధుల్లో నాడీపెప్టైడ్‌ల పాత్ర

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే రెండూ ప్రధానమైన పేగు శోథ వ్యాధులు. వీటిని సాధారణంగా రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం వల్ల కలిగే దీర్ఘవ్యాధులుగా వివరిస్తారు. అయితే పేగు గోడలో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి. అవి విడుదల చేసే చిన్న అమైనో ఆమ్ల శృంఖలాలే నాడీపెప్టైడ్‌లు. నాడులకూ రోగనిరోధక కణాలకూ మధ్య ఇవి సందేశవాహకాలు.

వీటిలో మొదట గుర్తింపు పొందినది ‘సబ్‌స్టెన్స్ పి’. 1931లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ గుర్రం మెదడు, పేగుల సారంలో దీనిని కనుగొన్నారు. 11 అమైనో ఆమ్లాలు గల ఈ పెప్టైడ్ ఎన్‌కే-1 గ్రాహకాన్ని చేరి రక్తనాళాల నుండి ద్రవం ఊరేటట్లు చేస్తుంది. మాస్ట్ కణాలను ప్రేరేపిస్తుంది. నొప్పి సంకేతాల ప్రసారంలోనూ పాల్గొంటుంది. వ్యాధిగ్రస్తుల పేగు కణజాలంలో దీని గ్రాహకాలు పెరిగి ఉండటాన్ని పరిశోధకులు గమనించారు.

1970లో సామీ సయీద్, విక్టర్ మట్ పంది చిన్నపేగు నుండి వేరుచేసిన వి.ఐ.పి. దీనికి భిన్నమైనది. 28 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ టి.ఎన్.ఎఫ్. వంటి శోథకారకాల ఉత్పత్తిని తగ్గించగలదు.

అయినా ఒకటి శత్రువు, మరొకటి మిత్రుడు అనే విభజన నిలవదు. సబ్‌స్టెన్స్ పి గాయం మానడానికీ తోడ్పడుతుంది. దానిని పూర్తిగా అడ్డుకుంటే ఆ మేలూ తగ్గవచ్చు. వి.ఐ.పి. రక్తంలో నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది. ఔషధ రూపకల్పనకు ఇవే చిక్కులు.

నాడికీ శోథకూ గల ఈ సంబంధం మరొక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఒత్తిడిలో నొప్పి పెరిగిందని చెప్పే రోగి మాటను మనోభ్రమగా కొట్టిపారేయరాదు. దానికి దేహంలోనే ఆధారం ఉంది.