ప్రయోగశాలలో పొరపాటులు - ఉజ్జాయింపు లెక్కలు

ప్రయోగశాలలో ఒక్క గాజుపాత్రయైనను పగులగొట్టక చదువు ముగించిన విద్యార్థి యుండుట అరుదు. పరీక్షనాళిక చేజారును, ఆమ్లము బల్లపై నొలుకును, కొళాయి కట్టుట మరచి యింటికి పోవుటయు కలదు. అట్టి సమయమున మనము సాధారణముగా రెండు మాటలలో నొకటి పలుకుదుము: "ఏమియు కాలేదు" అనియో, "అయ్యో, అంతయు పోయినది" అనియో. ఇంజనీరు ఈ రెండును పలుకడు. నవ్వుచునే "ఎంత?" అని యడుగును. ఆ ప్రశ్నకు కాగితపు ముక్కపై నాలుగు పంక్తులలో దొరకు జవాబే ఉజ్జాయింపు లెక్క. దానిని గూర్చి యిచ్చట వివరింపదలచితిమి.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10 వ తేదీన శంకుస్థాపన జరిగెను; 1967 ఆగస్టు 4 వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, కోదాడ పొలములను తడుపుచున్నది. సూర్యాపేట చెంత మూసీ ప్రాజెక్టు కాలువలు కలవు. పిల్లకాలువలో నెంత నీరు పారుచున్నదో తెలియవలసినపుడు, చేత యంత్రము లేని ఇంజనీరు ఒక చెక్కముక్కను నీటిపై విడుచును. కాలువ వెడల్పు 2 మీటర్లు, లోతు అర మీటరు, చెక్క 10 మీటర్లు సాగుటకు పట్టిన కాలము 20 సెకండ్లు అనుకొందము. పైనీటి వేగము సెకండునకు అర మీటరు. అడుగునను, ప్రక్కలను నీరు మట్టి నొరసికొని మెల్లగా పారును గనుక, ఆ వేగమును 0.85 చే హెచ్చింతురు. సెకండునకు 0.425 ఘన మీటరు, అనగా సుమారు 15 క్యూసెక్కులు. చెక్కముక్క ఖరీదు సున్న!

ఈ పద్ధతినే ప్రయోగశాలలోనికి తెత్తము. మొదట కారుచున్న కొళాయి. సెకండునకొక చుక్క పడుచున్నదనుకొనుడు. దినమునకు 86,400 సెకండ్లు. సుమారు 20 చుక్కలు ఒక ఘన సెంటీమీటరు. కావున దినమునకు 4 లీటర్లకు పైగా పోవును. 45 దినముల వేసవి సెలవులలో దాదాపు 190 లీటర్లు! "ఒక్క చుక్కయే గదా" యనువారు ఈ లెక్కను వ్రాసి కొళాయిప్రక్క నంటింపవచ్చును.

ఇక ఆమ్లము. గాఢ గంధకామ్లము 10 ఘన సెంటీమీటర్లు బల్లపై నొలికెను. దాని బరువు సుమారు 18 గ్రాములు. దానిని చల్లార్చుటకు వంటసోడా సుమారు 31 గ్రాములు కావలెను. అపుడు దాదాపు 9 లీటర్ల బొగ్గుపులుసు వాయువు పుట్టును; అనగా ఒక చిన్న బిందెడు. కావున సోడాను కుప్పగా పోయక, అంచులనుండి కొంచెము కొంచెముగా చల్లవలెను. ఆమ్లము దేహముపై పడినచో మాత్రము లెక్కయు వలదు, సోడాయు వలదు. వెంటనే ధారాళముగ నీటితో కడిగి ఉపాధ్యాయులకు చెప్పవలెను.

మూడవది మేము మరువలేనిది. ఒకనాడు మా తరగతిలో పాదరసపు ఉష్ణమాపకము నేలబడి పగిలెను. పూసలు నలుదెసల పరుగిడెను. ఒక విద్యార్థి వానిని చూచి "వెండి ఆవాలు" అని యందరిని నవ్వించెను. కాగితపుటంచుతో 60 పూసలు పోగుచేసి, "అన్నియు దొరకినవి" అంటిమి. ఉపాధ్యాయులు "ఎన్ని యుండవలెను?" అని మాత్రమడిగిరి. లెక్కించితిమి. పాదరసము ఒక గ్రాము ఉన్నదనుకొంటిమి. పూస అడ్డుకొలత ఒక మిల్లీమీటరు. దాని బరువు సుమారు 7 మిల్లీగ్రాములు. ఆ చొప్పున పూసలు 140 ఉండవలెను! మా అంచనా రెట్టింపు తప్పైనను 70 కి తగ్గవు. మరల వెదుకగా, నాపరాళ్ల సందులలోను బల్లకాళ్ల చెంతను మిగిలినవి మెరయుచుండెను. నవ్వులాగిపోయెను. పాదరసపు ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. అది శ్వాసతో లోనికి పోయి నరములకు హాని చేయును. చీపురుతో నూడ్చినచో పూసలు మరింత చిన్నవై చెదరును. కిటికీలు తెరచి, వట్టిచేతులతో తాకక, మూతగల సీసాలో చేర్చవలెను. 2013 లో కుదిరిన మినమాటా ఒడంబడిక పిమ్మట, పాదరసములేని ఉష్ణమాపకముల వాడుక హెచ్చినది.

మహాశాస్త్రజ్ఞులును ఇట్లే లెక్కించిరి. 1945 జులై 16 వ తేదీన అమెరికాలో తొలి అణుబాంబును పరీక్షించినపుడు, ఎన్రికో ఫెర్మి దూరమున నిలిచి కాగితపు ముక్కలను జారవిడిచెను. గాలితాకిడికి అవి యెంత జరిగెనో చూచి, ప్రేలుడు బలము 10,000 టన్నుల టీ. ఎన్. టీ. కి సమానమనెను. పిమ్మట తేలిన విలువ అంతకు రెట్టింపునకు పైగా నుండెను. కాగితపు ముక్కలతో అంత దగ్గరకు వచ్చుటయే వింత.

చదువరులారా! ఉజ్జాయింపు ఖచ్చితమైన కొలతకు బదులు కాదు. తానెంత తప్పగలదో చెప్పుకొన్నపుడే అది నమ్మదగినది. దాని మేలు ఒక్కటే: పొరపాటు ముగిసినదా, ఇంకను నేలపై దొరలుచున్నదా యని తెలుపును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె, కాలకముందే "ఎంత?" అని యడుగుట మేలు. ఆనాడు మేము 60 తో ఊరకుండినచో, తక్కిన పూసలు మా క్రింది తరగతులవారికై ఆ సందులలోనే కాచుకొని యుండెడివి.