పెట్టెలో పెట్టె... విప్పితేనే లెక్క!

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని మేడిపల్లి దాటితే నారపల్లి. ఇంకాస్త ముందుకెళ్తే పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం. ‘మా అబ్బాయి కంప్యూటర్లో డేటా పని చేస్తాడండీ’ అనే అమ్మానాన్నలు ఈ దారి పొడవునా కనిపిస్తారు. ఇంతకీ ఏమిటా పని? అందులో ముఖ్యమైంది ఒకటి... జేసన్‌ను పట్టికలుగా మార్చడం!

2014 ఆగస్టు 19 గుర్తుందా? సమగ్ర కుటుంబ సర్వే కోసం తెలంగాణ అంతా ఆ రోజు ఇంటిపట్టునే ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో పత్రం. అందులో కుటుంబసభ్యులు, ఒక్కొక్కరి వయసు, చదువు, బ్యాంకు ఖాతా... ఆపైన పొలం, పశువులు. అది కాగితమే అయినా జేసన్ ఆకారం కూడా అచ్చం ఇలాంటిదే. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె. 2000ల మొదట్లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతిలోనే ఇవాళ ఎన్నో ఫోన్ యాప్‌లు సమాచారం పంపుకుంటున్నాయి.

పంపడానికి పెట్టె బాగుంటుంది. లెక్కలు తీయడానికి మాత్రం పట్టికే హాయి. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ చెప్పిన రిలేషనల్ పద్ధతి అదే. కుటుంబాలకో పట్టిక, సభ్యులకో పట్టిక. ప్రతి సభ్యుడి వరుసలోనూ కుటుంబం నంబరు వేస్తే, ఎవరు ఏ ఇంటివారో ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడే జాగ్రత్త!

పట్టికలో ప్రతి గడికీ ఓ రకం ఉంటుంది. వయసు అంకె, పుట్టినరోజు తేదీ. మరి సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు? దాన్ని అంకెగా రాస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. పింఛను డబ్బులు వెళ్లాల్సిన నంబరే తప్పవుతుంది. అందుకే దాన్ని అక్షరాలుగానే దాచాలి. 05-06-2010 అంటే జూన్ అయిదా, మే ఆరా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

ఇంకో చిక్కుంది. ఒంటరిగా ఉండే ముసలమ్మ పత్రంలో ‘ఇతర సభ్యులు’ అన్న పెట్టె ఖాళీ. ఆ పెట్టెను విప్పి కుటుంబంతో మామూలుగా కలిపితే, జత దొరక్క ఆ ఇల్లే జాబితాలోంచి జారిపోతుంది! కంప్యూటర్ తప్పని కూడా చెప్పదు. జత లేని ఇంటినీ ఉంచే ‘లెఫ్ట్ జాయిన్’ వాడితేనే ఆమె మిగులుతుంది.

ఇప్పుడు పని కొంత సులువైంది. పోస్ట్‌గ్రెస్ 2012లో జేసన్‌కు చోటిచ్చింది. పెట్టెను నేరుగా పట్టికగా పరిచే ‘జేసన్ టేబుల్’ సదుపాయం మై-ఎస్‌క్యూఎల్‌లో 2018లో, పోస్ట్‌గ్రెస్‌లో 2024లో వచ్చింది.

పరికరం ఏదైనా చివర్లో చేయాల్సింది మాత్రం మన కిరాణా కొట్టు పద్ధతే. వచ్చిన పత్రాలెన్ని, పట్టికలో ఇళ్లెన్ని? రెండూ సరిపోవాలి. అసలు పత్రాన్ని పారేయకూడదు. ఒక్క వరుస తగ్గినా వెతకాల్సిందే. ఆ వరుస వెనక ఓ మనిషి ఉంటారు మరి!