లినక్స్ ఎక్కడ ఆగిపోయింది?

అప్‌డేట్ పూర్తయింది. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశారు. కంపెనీ గుర్తు కనిపించి మాయమైంది. ఆ తర్వాత నల్లటి తెర. పది నిమిషాలైనా చలనం లేదు. రేపు కాలేజీలో ఇవ్వవలసిన ప్రాజెక్టు అందులోనే ఉంది. ఇలాంటప్పుడు తెలిసినవాళ్ళు చెప్పే సలహా ఒకటే: "ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కించు". తొందరపడకండి. అప్‌డేట్ మార్చేది వ్యవస్థకు చెందిన ఫైళ్ళను. మీ ఫైళ్ళు 'హోమ్' అనే వేరే డైరెక్టరీలో ఉంటాయి. వాటి జోలికి అది సాధారణంగా పోదు. ఫార్మాట్ అయితే వాటిని కూడా తుడిచిపెట్టేస్తుంది.

ముందుగా లినక్స్ ఎలా మేలుకుంటుందో చూద్దాం. మీట నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ పనిమొదలుపెట్టి, గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. గ్రబ్ రెండింటిని మెమరీలోకి తెస్తుంది: ఒకటి కెర్నెల్, రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే మూట. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టింది ఈ పప్పునే. మరి మూట ఎందుకు? డిస్కును చదవాలంటే కెర్నెల్‌కు డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ డిస్కులోనే ఉంటే? పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు! అందుకే అవసరమైన డ్రైవర్లను మూటగట్టి ముందే అందిస్తారు. డిస్కు తెరుచుకున్నాక మిగతా సేవలు, చివరకు లాగిన్ తెర వస్తాయి.

ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటివి కొత్త కెర్నెల్ రాగానే పాతదాన్ని పారేయవు. ఫెడోరా మామూలుగా మూడింటిని దాచి ఉంచుతుంది. కంప్యూటర్ వేయగానే ఎస్కేప్ మీటను ఒక్కసారి నొక్కితే (పాత బయాస్ యంత్రాల్లో షిఫ్ట్‌ను పట్టి ఉంచితే) గ్రబ్ పట్టిక వస్తుంది. ఉబుంటులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్ళి పాత సంఖ్య గల కెర్నెల్‌ను ఎంచుకోండి. లేచిందా? సగం విచారణ ముగిసినట్టే. తేడా కొత్త కెర్నెల్‌లోనో, దాని మూటలోనో, డ్రైవర్లలోనో ఉంది.

అనుమానించవలసిన వాటిలో ముందుది గ్రాఫిక్స్ డ్రైవర్. ఎన్‌విడియా డ్రైవర్ వంటివి ప్రతి కొత్త కెర్నెల్‌కూ సరిపడేలా మళ్ళీ తయారుకావాలి. కాకపోతే యంత్రం నడుస్తూనే ఉంటుంది, తెర మాత్రం చచ్చిపోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి చూడండి. అక్షరాల లాగిన్ వస్తే కెర్నెల్ బతికే ఉంది. రాకపోతే గ్రబ్ పట్టికలో 'ఇ' మీట నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుసలో 'క్వైట్ స్ప్లాష్' తీసేసి 'నోమోడ్‌సెట్' చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. అందమైన బొమ్మ వెనుక దాగిన సందేశాలు ఇప్పుడు బయటపడతాయి. చివరి వరుసను కాగితం మీద రాసుకోండి.

మన ఊళ్ళలో మరో కారణం కరెంటు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో ఆగుతాయి. ఉబుంటు 'రికవరీ మోడ్'లో 'డీపీకేజీ' అనే వరుస వాటిని పూర్తిచేస్తుంది. 'బూట్' విభాగం నిండిపోయినా మూట సరిగా తయారుకాదు. అప్పుడు పాత కెర్నెళ్ళను చేత్తో చెరపకండి. 'ఆప్ట్ ఆటోరిమూవ్' ఆదేశానికి వదిలేయండి.

పాత కెర్నెల్ కూడా లేవకపోతే, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను నడిపి, 'హోమ్'లోని ప్రాజెక్టును మరో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మరమ్మతు ఆ తర్వాత చూసుకోవచ్చు.