ఆరో తరగతికి ఏ ప్రభుత్వ బడి? హోసూరు ప్రాంత తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

ఐదో తరగతి పూర్తయిన పిల్లవాడిని ఎక్కడ చేర్చాలి? హోసూరు, బాగలూరు, శూలగిరి, తళి ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాలకు ప్రతి వేసవిలో ఎదురయ్యే ప్రశ్న ఇది. సాధారణంగా భవనం చూసో, పక్కింటివారి మాట వినో నిర్ణయించుకుంటాం. అయితే ఆరో తరగతిలో తీసుకునే ఈ నిర్ణయం, పన్నెండో తరగతి తర్వాత పిల్లలకు వచ్చే అవకాశాలను కూడా ప్రభావితం చేస్తుందని గమనించగలరు.

ఆరు నుంచి పన్నెండు వరకు ఎందుకు ముఖ్యం?

తమిళనాడులో 2020లో వచ్చిన చట్టం ప్రకారం, 6 నుంచి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో చదివి నీట్‌లో అర్హత పొందిన విద్యార్థులకు వైద్య విద్యలో 7.5 శాతం సీట్లు కేటాయించారు. 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం వంటి కోర్సులకు కూడా ఇటువంటి కేటాయింపు వచ్చింది. ప్రభుత్వ బడిలో చదివి కళాశాలలో చేరిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే 'పుదుమై పెణ్' పథకం 2022లోను, మగపిల్లలకు 'తమిళ్ పుదల్వన్' 2024లోను ప్రారంభమయ్యాయి. వీటికీ 6 నుంచి 12 వరకు చదివిన బడినే చూస్తారు.

కాబట్టి ఎనిమిదో తరగతిలో ఒక్క సంవత్సరం ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపి, మళ్లీ తీసుకువచ్చినా 7.5 శాతం కోటా అర్హత పోతుంది. ఎయిడెడ్ బడి కూడా ఈ కోటాకు ప్రభుత్వ బడి కాదు. సరిహద్దు దాటి కర్ణాటక బడిలో చేర్చినా అంతే.

బడులను పోల్చేటప్పుడు చూడవలసినవి

1. ఎంతవరకు ఉంది? మిడిల్ స్కూలు 8తో, హైస్కూలు 10తో ముగుస్తాయి. హయ్యర్ సెకండరీ అయితే 12 వరకు ఉంటుంది. అక్కడ ప్లస్ వన్‌లో జీవశాస్త్రం, గణితం గ్రూపులు ఉన్నాయో లేదో ఇప్పుడే అడగండి. లేకపోతే దగ్గరలో ఏ ప్రభుత్వ బడిలో ఉన్నాయో, బస్సు ఉందో లేదో తెలుసుకోండి.

2. ఉపాధ్యాయులు ఎందరు? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఉదాహరణకు ఒక బడిలో 180 మందికి 9 మంది ఉంటే, ఒక్కొక్కరికి 20 మంది పిల్లలు. మరో బడిలో 420 మందికి 10 మంది ఉంటే 42 మంది. మొదటిదే మేలనిపిస్తుంది. కానీ అక్కడ గణితం పోస్టు రెండేళ్లుగా ఖాళీగా ఉంటే? అందుచేత ఏ సబ్జెక్టుకు ఎవరున్నారో విడివిడిగా అడగాలి.

3. పదో తరగతి ఫలితాలు. 12 మంది రాసి 12 మంది పాసైతే నూరు శాతం. 90 మంది రాసి 81 మంది పాసైతే తొంభై శాతం. రెండోది తక్కువ బడి అనుకోనవసరం లేదు. తొమ్మిదిలో ఎందరున్నారు, వారిలో పది పరీక్ష ఎందరు రాశారు అన్నది కూడా చూడండి. మధ్యలో మానేసినవారు ఏ శాతంలోనూ కనబడరు.

4. ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష. ఎనిమిదో తరగతిలో రాసే ఈ కేంద్ర స్కాలర్‌షిప్ కింద, ఎంపికైనవారికి 9 నుంచి 12 వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు మించరాదు. కిందటేడు ఆ బడి నుంచి ఎందరు రాశారో అడగండి. పిల్లల కోసం ఉపాధ్యాయులు ఎంత శ్రద్ధ తీసుకుంటున్నారో దీనివల్ల తెలుస్తుంది.

5. మరుగుదొడ్లు, తాగునీరు. ఆడపిల్లల మరుగుదొడ్డి ఉందా అని కాదు, నీళ్లు వస్తున్నాయా, తాళం తీసి ఉంటుందా అని చూడండి. ఇందువల్లనే చదువు మానే ఆడపిల్లలున్నారు.

భాష సంగతి

తెలుగు మాధ్యమం ఉన్న బడి దొరికితే సంతోషమే. అయితే 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. రాష్ట్ర సర్వీసు కమిషన్ పోటీ పరీక్షల్లోనూ 2021లో తమిళ అర్హత పేపరు తప్పనిసరి చేశారు. కనుక తెలుగు ఉపాధ్యాయుడున్నారా అనే ప్రశ్నతో పాటు, తమిళం బాగా నేర్పేవారున్నారా అనీ అడగాలి. రెండూ ఉన్న బడి మన పిల్లలకు అన్నివిధాలా మేలు.

వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తమిళనాడు బడుల కోడ్ 33తో, కర్ణాటకవి 29తో, మహారాష్ట్రవి 27తో, ఒడిశావి 21తో, యానాంతో కలిపి పుదుచ్చేరివి 34తో మొదలవుతాయి. యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడ్‌తో విద్యార్థులు, ఉపాధ్యాయులు, గదుల సంఖ్య చూడవచ్చు. తర్వాత బడి జరిగే రోజున స్వయంగా వెళ్లి సరిచూసుకోండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. వారిలో ఒకరితో మాట్లాడితే కాగితంలో లేనివి తెలుస్తాయి.

ఇతర రాష్ట్రాల పాఠకులు కూడా ఈ ప్రశ్నలనే వాడుకోవచ్చు. రిజర్వేషన్ నిబంధనలు మాత్రం వేరు. పుదుచ్చేరి ప్రభుత్వం 2023లో తన ప్రభుత్వ బడుల పిల్లలకు వైద్య సీట్లలో 10 శాతం కేటాయించింది. యానాం తల్లిదండ్రులు దాని నిబంధనలను బడిలోనే అడిగి తెలుసుకోగలరు.

ఏ బడిలో చేర్చినా, ఆరో తరగతి నుంచి ప్రతి సంవత్సరపు స్టడీ సర్టిఫికెట్టు, బదిలీ పత్రం నకలు జాగ్రత్త చేయండి. పన్నెండు తర్వాత ఏ దరఖాస్తుకైనా ముందు అడిగేవి అవే.