ఆకాశంలో ఎవరి వాటా ఎంత?

విమాన ప్రయాణాలు తగ్గించుకోవాలన్న మాట దేశదేశాల్లో వినిపిస్తోంది. ముందుగా తగ్గించుకోవాల్సింది ఎవరు? రైలు పెట్టెలు బాగుచేసే లిలువా నుంచి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు తేటపడుతుంది.

హౌరాలో బర్ధమాన్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ లిలువా. అక్కడ పట్టాల పక్కన తూర్పు రైల్వే క్యారేజ్ అండ్ వాగన్ వర్క్‌షాప్ ఉంది. ఈస్టిండియన్ రైల్వే కంపెనీ 1900లో దాన్ని అక్కడ నెలకొల్పింది. దేశమంతా తిరిగి అరిగిపోయిన బోగీలు గడువు ప్రకారం ఇక్కడికి వస్తాయి. పెట్టెను చక్రాల మీంచి పైకెత్తి, బ్రేకులు విప్పి, తుప్పు గీకి, పాడైన భాగాలు మార్చి, రంగు వేసి మళ్లీ పట్టాల మీదికి పంపిస్తారు. రైల్వే వాళ్లు ఈ పనిని పీవోహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) అంటారు. ఒక బోగీ పాతికేళ్లకు పైగా జనాన్ని మోస్తుందంటే, ప్రతిసారీ దాన్ని విప్పి బిగించిన చేతులే కారణం.

1854 ఆగస్టు 15న తూర్పు భారతంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు హౌరా నుంచి హుగ్లీకి ఈ నేల మీదుగానే వెళ్లింది. 1957 డిసెంబరులో హౌరా నుంచి శేవడాఫులి దాకా కరెంటు లోకల్‌ను నెహ్రూ ప్రారంభించినప్పుడు అదీ లిలువా దాటే వెళ్లింది. విమానాలకు బదులు రైళ్లు అని ప్రపంచం ఇప్పుడు వెతుక్కుంటున్న దారిలో ఈ ఊరు చాలాకాలంగా నడుస్తోంది. మన కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్న మాట నిజమే. అయినా నిండుగా వెళ్లే రైల్లో మనిషికి పడే కర్బన భారం విమానంతో పోలిస్తే చాలా తక్కువ.

హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ పారిశ్రామిక వాడలతో, రైల్వే కాలనీలతో మనవాళ్లకు తరాల బంధం. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల నుంచి జనం జనపనార మిల్లులకు, రైల్వే పనులకు వచ్చారు. ఖరగ్‌పూర్‌లోనైతే వీధులకు వీధులే తెలుగువాళ్లవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆ జనసంఖ్యే ఆధారం. వాళ్లందరినీ ఇక్కడికి చేర్చింది రైలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మార్గం 1900లో హౌరాతో కలిశాక, పలాసలో ఎక్కినవాడు మరుసటి రోజుకల్లా గంగ ఒడ్డున దిగగలిగాడు.

తాత ఎక్కలేదు, మనవరాలు ఎక్కబోతోంది

ఇలాంటి రైల్వే కుటుంబాల ప్రయాణాల్లో తరాల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి తరం సొంతూరు వెళ్లాలంటే మూడో తరగతి పెట్టెలో ట్రంకు పెట్టె మీద కూర్చుని వెళ్లింది. రెండో తరానికి రైల్వే పాసు వచ్చింది. వేసవి సెలవులంటే పాసు, పులిహోర పొట్లం, కిటికీ పక్క సీటు కోసం పిల్లల పోట్లాట. 1977 మార్చిలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక విశాఖ ఒక్క రాత్రి దూరంలోకి వచ్చింది. 1993లో ఫలక్‌నుమా వచ్చి సికింద్రాబాద్‌ను దగ్గర చేసింది. మూడో తరం పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చూసుకున్నారు. పండక్కి సెలవు రెండు రోజులే, స్లీపరు వెయిటింగ్ లిస్టు వందలు దాటింది, తత్కాల్ నిమిషంలో అయిపోయింది. అప్పుడు ఫోన్లో విమానం టికెట్ వెతికారు. ఇంట్లో తొలిసారి విమానం ఎక్కిన మనిషి ఆ మనవడో మనవరాలో అయి ఉంటుంది.

సరిగ్గా ఆ పిల్లలు ఎక్కే వేళకే, విమానాలు తగ్గించుకోండి, భూమి వేడెక్కిపోతోంది అన్న పిలుపు వచ్చింది. స్వీడన్‌లో 2018లో గ్రెటా తున్‌బర్గ్ బడి మానేసి పార్లమెంటు ముందు కూర్చుంది. మరుసటి ఏడాది న్యూయార్క్ సమావేశానికి తెరచాప పడవలో అట్లాంటిక్ దాటింది. విమానం ఎక్కడానికి సిగ్గుపడాలి అన్న భావన అక్కడ ఇళ్లలోకి వచ్చింది. పిల్లలు అమ్మానాన్నల్ని నిలదీశారు. మీరు తిరిగిన తిరుగుళ్ల పొగలో మేం బతకాలా అని అడిగారు. వాళ్ల ఇళ్లలో ఆ ప్రశ్న న్యాయమైనదే.

లిలువా రైల్వే క్వార్టర్లో ఆ ప్రశ్న ఎవరిని అడగాలి? తాత జీవితంలో విమానం ఎక్కలేదు. నాన్న ఎక్కినా ఏదో ఆసుపత్రి పని మీద ఒకసారి ఎక్కి ఉంటాడు. ఆ ఇంటి అమ్మాయి కొత్త ఉద్యోగంలో చేరడానికి తొలి విమానం ఎక్కుతుంటే, హైదరాబాదులో ఉన్న మేనమామ పర్యావరణం గురించి చెప్పాడనుకోండి. ఆమె ఏమంటుంది? "మామయ్యా, మీరు నెలకు రెండుసార్లు ఢిల్లీ వెళ్లొస్తారు కదా. నా వంతు వచ్చేసరికే మీకు భూమి గుర్తొచ్చిందా?" ఆ మాటకు మామయ్య దగ్గర జవాబు ఉండదు. నాలాంటి చాలామంది మామయ్యల దగ్గరా ఉండదు.

ఇక్కడే తరాల మధ్య న్యాయం అన్న మాట వర్గాల మధ్య న్యాయంతో పెనవేసుకుపోతుంది. 2020లో స్టెఫాన్ గోస్లింగ్, ఆండ్రియాస్ హంపే అనే పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కినవారు 11 శాతం మాత్రమే. ప్రయాణికుల విమానాలు వదిలే కర్బనంలో సగానికి పైగా ఒక్క శాతం జనం వల్లనే. మన దేశంలో 2024లో దేశీయ విమానాల్లో జరిగిన ప్రయాణాలు సుమారు 16 కోట్లు. రైళ్లలో 2023–24లో జరిగినవి దాదాపు 690 కోట్లు. పైగా ఆ 16 కోట్లలో ఒక్కొక్కరు ఎన్నెన్నిసార్లు తిరిగినవో కలిసి ఉన్నాయి.

కర్బనం గాల్లో శతాబ్దాల పాటు ఉండిపోతుంది. 1970ల్లో లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లిన విమానం వదిలిన దానిలో కొంత ఇవాళ మన నెత్తి మీద ఉంది. ఉమ్మడి ఆస్తిలో పెద్దన్న తన వాటాకు మించి ఖర్చు పెట్టేసి, పంపకాల నాడు ఇక నుంచి అందరం సమానంగా పొదుపు చేద్దాం అంటే తమ్ముళ్లు ఒప్పుకుంటారా? ఇంకా పుట్టని పిల్లలకైతే ఆ పంపకాల్లో కూర్చునే వీలే లేదు. 1960లో పుట్టిన వ్యక్తితో పోలిస్తే 2020లో పుట్టిన పాప తన జీవితంలో దాదాపు 7 రెట్లు వడగాడ్పులు చూడాల్సి రావచ్చని 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా. లిలువాలో రేకుల షెడ్డు కింద వేసవి మధ్యాహ్నం పనిచేసే మనిషికి ఆ అంకె అర్థం విడమరచి చెప్పక్కర్లేదు.

తిత్లీ పడగొట్టిన చెట్లు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకూలాయి. ఐదేళ్ల ముందే 2013లో పై–లిన్ తుపాను దెబ్బ తిన్న తోటలవి. ఉద్దానంలో కొబ్బరి చెట్టు నాటేవాడు మనవల్ని తలచుకుని నాటుతాడు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది, ఆ తర్వాత అరవై ఏళ్లు కాస్తుంది. ఒక్క తెల్లవారుజామున మూడు తరాల ఆదాయం అడ్డంగా పడిపోయింది. తోట పోయిన కుటుంబాల నుంచి మళ్లీ వలసలు పెరిగాయి. ఏ ఒక్క తుపానునూ పూర్తిగా మనుషుల పొగకే ఆపాదించడం సరికాదు. కానీ సముద్రం వేడెక్కే కొద్దీ బంగాళాఖాతం తుపాన్లకు బలం, వాన పెరుగుతాయన్నది శాస్త్రం తేల్చిన సంగతి. ఆ తోటల యజమానుల్లో విమానం ఎక్కినవాళ్లు ఎందరుంటారు?

2020 మే 20న ఉంఫన్ తుపాను కోల్‌కతాను ఊపేసింది. మర్నాడు దమ్‌దమ్ విమానాశ్రయం రన్‌వేల మీద నీళ్లు నిలిచాయి, హ్యాంగరు కూలింది. హౌరా, కోల్‌కతాల్లో చాలా వాడలకు రోజుల తరబడి కరెంటు లేదు.

ఇప్పుడు అదే ఉద్దానంలో మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. రైతులు తోటలు ఇవ్వమంటున్నారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం ఎలాగూ ఉంది. 2024 జూన్ నుంచి దేశ పౌర విమానయాన శాఖ మంత్రిగా ఉన్న కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. వలస వెళ్లిన తాతల జిల్లా నుంచి ఒక యువకుడు ఆ శాఖను చూడటం గర్వించదగ్గదే. హవాయి చెప్పులు వేసుకున్నవాళ్లూ విమానం ఎక్కాలన్న మాటతో 2017లో ఉడాన్ పథకం కింద తొలి విమానం ఎగిరింది. ఆ కోరికలో తప్పు లేదు. దేశంలో విమానాశ్రయాల సంఖ్య 2014తో పోలిస్తే రెట్టింపు దాటింది. ఇండిగో 2023లో ఒకేసారి 500 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డరు పెట్టింది. ఇంత వేగంగా ఆకాశాన్ని నింపుతున్నప్పుడు, ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో అడిగే హక్కు ఉద్దానం రైతుకు అందరికంటే ఎక్కువ.

ముందు ఎవరు తగ్గాలి

కొన్ని ప్రయాణాల జోలికి ఎవరూ వెళ్లకూడదు. కూతురి పురుడుకు డాలస్ వెళ్లే తల్లిని ఆపమని ఏ న్యాయమూ చెప్పదు. తండ్రి పోయాడని న్యూజెర్సీ నుంచి పరుగెత్తుకొచ్చే కొడుకును లెక్కలు అడిగే మనిషి మనిషే కాదు. అయితే అమెరికా వెళ్లి రావడానికి ఒక్కో ప్రయాణికుడి వాటా కర్బనం సగటు భారతీయుడు ఏడాది మొత్తంలో వదిలే దానికి, అంటే సుమారు 2 టన్నులకు, తక్కువ ఉండదన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. గంట సమావేశానికి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ప్రయాణాలు, రెండొందల మందిని ఎక్కించుకుని ఉదయ్‌పూర్‌లో చేసే పెళ్లిళ్లు, 275 కిలోమీటర్ల దూరమున్న హైదరాబాదు–విజయవాడ మధ్య ఎగిరే విమానాలు వేరే సంగతి. వందే భారత్ సికింద్రాబాద్ నుంచి విజయవాడకు సుమారు నాలుగు గంటల్లో చేరుస్తోంది. విమానాశ్రయానికి వెళ్లి, తనిఖీల్లో నిలబడి, దిగి, గన్నవరం నుంచి ఊళ్లోకి రావడానికీ దాదాపు అంతే పడుతుంది.

ఫ్రాన్స్ 2023 మేలో ఒక పని చేసింది. రెండున్నర గంటల్లో రైల్లో చేరగలిగే ఊళ్ల మధ్య విమానాలు నిలిపేసింది. ప్యారిస్ ఓర్లీ నుంచి బోర్డో, నాంత్, లియోన్ విమానాలు ఆగాయి. దారులు మూడే అయినా, రైలు ఉన్నచోట విమానం అక్కర్లేదని చట్టం అనడం మొదలైంది. మరోవైపు విమాన సిగ్గు పుట్టిన స్వీడనే 2025 జూలైలో విమాన పన్నును ఎత్తేసింది. ఒక్కొక్కరి మనస్సాక్షికి వదిలేస్తే ఈ పని కాదని అక్కడే తేలింది.

నాకు న్యాయంగా తోచే దారి ఒకటుంది. ఏడాదిలో మొదటి ప్రయాణానికి ఏ అదనపు పన్నూ వద్దు. రెండోదానికి కొద్దిగా, ఐదోదానికి గట్టిగా, పదోదానికి ఇంకా గట్టిగా పెంచుకుంటూ పోవాలి. బ్రిటన్‌లో ఆర్థికవేత్తలు దీన్ని చాలా ఏళ్లుగా ప్రతిపాదిస్తున్నారు. 2025లో సెవిల్లా సదస్సులో ఫ్రాన్స్, కెన్యా, బార్బడోస్ వంటి దేశాలు బిజినెస్ క్లాసు, ప్రైవేటు జెట్ల మీద పన్ను వేద్దామని జట్టు కట్టాయి. మన దగ్గర ఏసీ రైలు టికెట్ మీదా, ఎకానమీ విమానం టికెట్ మీదా జీఎస్టీ ఒకటే, 5 శాతం. రైలెక్కి భూమికి మేలు చేసేవాడికి మన పన్నుల విధానంలో ఆ మేలుకు గుర్తింపు లేదు. ఆ మేనకోడలి తొలి టికెట్ మీద పైసా పెంచొద్దు, మామయ్య ఇరవయ్యో టికెట్ మీద పెంచండి. ఆ డబ్బు రైళ్లకు పెట్టండి.

రైలెక్కమని అడగాలంటే రైలు కూడా ఆ నమ్మకం నిలబెట్టుకోవాలి. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. పనికోసం దక్షిణాదికి వెళ్తున్న బెంగాల్ కుర్రాళ్లు, జనరల్ బోగీల్లో కిక్కిరిసి కూర్చున్నవాళ్లు ఎక్కువగా బలయ్యారు. సిగ్నల్ వైరింగ్ పనుల్లో దొర్లిన తప్పు అంతమందిని బలి తీసుకుంది. మనం పొగడాలనుకునే రైలు అదే మార్గంలో నడుస్తోంది. సిగ్నళ్ల మీద, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ మీద, లిలువా లాంటి వర్క్‌షాపుల్లో ఖాళీలు నింపడం మీద పెట్టే ప్రతి రూపాయీ వాతావరణం కోసం పెట్టే రూపాయే.

తర్వాతి తరం కోసం ఇవాళ వదులుకోవడం ఈ పట్టాల పక్కన కొత్త సంగతి కాదు. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల సంఘాన్ని నడిపినవారిలో బరంపురం నుంచి వచ్చిన మన వరాహగిరి వెంకటగిరి ఉన్నారు. మరుసటి ఏడాది లిలువా వర్క్‌షాపులో నెలల తరబడి లాకౌట్ సాగింది. వేలమంది జీతాల్లేకుండా ఉండిపోయారు. బామన్‌గాఛిలో పోలీసు కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. వాళ్లు అడిగినవి వాళ్ల కాలంలో చాలావరకు దక్కలేదు. తర్వాత పుట్టినవాళ్లు పాసులు, పింఛన్లు, సెలవులు అనుభవించారు. ఆ సెలవుల్లోనే రైలెక్కి సొంతూరు వెళ్లారు. రోజుకూలి వదులుకున్న మనుషుల ముందు, విమాన కంపెనీలిచ్చే పాయింట్ల కోసం ఎక్కే విమానాన్ని వదులుకోలేమని ఎలా అంటాం?

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. హౌరా నుంచి విశాఖకు సుమారు 880 కిలోమీటర్లు, మార్గమంతా కరెంటు లైనే. రాత్రి భోజనం చేసి ఎక్కి తెల్లారేసరికి దిగేలా, ఈ రెండు ఊళ్ల మధ్యే నడిచే, సామాన్యుడు కొనగలిగే స్లీపర్ బోగీలు ఎక్కువగా ఉన్న రైలు ఒకటి కొత్త జోన్ టైంటేబుల్లోకి రావాలి. ఉద్దానం మీద విమానాశ్రయం ఫైలు కదిలే ముందు ఈ ఫైలు కదలాలి. శ్రీకాకుళం ఎంపీని, రైల్వే బోర్డును ఈ మాట అడగాల్సింది తరచూ విమానాల్లో తిరిగే మనమే. పలాసలో దిగాల్సినవాళ్లు ఆ రైలు కోసం ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు.