బోరు నీళ్ళలో రంగు చేపలు: పీహెచ్ సంగతి తెలుసుకోండి

పొలం దగ్గర సిమెంటు తొట్టె కట్టి గప్పీ, మోలీ లాంటి రంగు చేపలు పెంచుదామని చాలామంది అడుగుతున్నారు. మేత గురించి అడుగుతారు గానీ నీళ్ళ గురించి అడగరు. తెచ్చిన చేపలు వారంలోపే చచ్చిపోతుంటే ముందు చూడాల్సింది నీళ్ళనే.

పీహెచ్ 7 ఉంటే నీరు తటస్థం. తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు తేడా అని గుర్తుపెట్టుకోండి. గప్పీ, మోలీలకి 7 నుంచి 8 దాకా బాగుంటుంది. టెట్రాలకి 6 నుంచి 7 ఇష్టం. అందుకే మీ నీళ్ళకి తగిన చేపని ఎంచుకోవడమే తేలిక.

బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. దానివల్ల పీహెచ్ తక్కువ చూపిస్తుంది. బకెట్లో పట్టి ఒక రోజు ఉంచాక కొలవండి, అసలు అంకె తెలుస్తుంది.

కొత్త సిమెంటు తొట్టెలో సున్నం దిగి పీహెచ్ బాగా పెరుగుతుంది. నీళ్ళు నింపి, అరటి బోదె ముక్కలు వేసి, మూడు నాలుగు రోజులకోసారి పారబోస్తూ రెండు మూడు వారాలు చేయండి. తొట్టె నీటి పీహెచ్ మీ బోరు నీటికి దగ్గరగా వచ్చాకే చేపలు వదలండి.

పీహెచ్ తగ్గించాలని నిమ్మరసం పిండకండి. సుద్ద నేలలో నాలుగు చెంబుల పుల్లటి మజ్జిగ పోస్తే నేల గుణం మారుతుందా? ఇదీ అంతే. బోరు నీళ్ళలోని బైకార్బొనేట్లు ఆ పులుపుని విరిచేస్తాయి, పీహెచ్ మళ్ళీ పైకొస్తుంది. ఈ ఎగుడుదిగుళ్ళే చేపల్ని ఎక్కువ దెబ్బతీస్తాయి. శుభ్రంగా పట్టిన వాన నీళ్ళు కొద్దికొద్దిగా కలపడమే సరైన పద్ధతి. ఎండు బాదం ఆకులు మంచివే గానీ, కఠిన నీటిలో వాటివల్ల పీహెచ్ పెద్దగా దిగదు.

ఇంకో ముఖ్యమైన మాట. చేపల వ్యర్థం నుంచి అమ్మోనియా వస్తుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి పీహెచ్ ఎక్కువున్న చోట మేత తగ్గించి వేయండి, వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చండి. తీసిన నీళ్ళు కూరగాయ మొక్కలకి పోసేయండి, వృథా కావు.

కొలిచే విధానం వీడియోలో చూపించాను. రోజూ ఒకే సమయానికి కొలిచి పుస్తకంలో రాసుకోండి.