మేకు లేని పట్టు!

పిల్లల పుస్తకాలకని సెలవు రోజున మీరే ఓ అలమర చేశారు. అటో పలక, ఇటో పలక, మధ్యలో మూడు అరలు. ఒక్కోదానికీ నాలుగేసి మేకులు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచాయి... అర ఓ పక్కకి వాలింది! పలక కొసలో దిగిన మేకుకి అసలే పట్టు తక్కువ. పైగా వానకి ఉబ్బి, ఎండకి కుంగే చెక్కని అదెంతకాలం పట్టి ఉంచగలదు?

అందుకే వడ్రంగులు పావురం తోకని నమ్ముకున్నారు. అదే డోవ్‌టెయిల్! ఒక పలకలో అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా గాడి తీస్తారు. రెండో పలక కొసని అందుకు సరిపోయే తోకలా చెక్కి, పక్కనుంచి జారుస్తారు. ఇక ఎంత లాగినా ఊడిరాదు. వచ్చిన దారినే వెనక్కి జరిపితే తప్ప! దీన్నే స్లైడింగ్ డోవ్‌టెయిల్ అంటారు.

యంత్రాల్లోనూ ఇదే కిటుకు

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో లేతు మీద పనిచేసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. లేతులో టూలుని ముందుకీ వెనక్కీ నడిపే క్రాస్ స్లైడ్ జారేది ఇలాంటి గాడి మీదే. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ అనగానే గుర్తొచ్చేవి టర్బైన్లు. గ్యాస్ టర్బైన్ల కంప్రెసర్‌లో బ్లేడ్ల మొదళ్లని పావురం తోకలా చెక్కి రోటరు గాడుల్లోకి జారుస్తారు. నిమిషానికి వేలసార్లు తిరిగినా అవి కదలవు.

ఒక్కటే తేడా. లేతు స్లైడ్ వదులైతే గిబ్ అనే పట్టీని బిగించి సరిచేసుకోవచ్చు. చెక్కకి ఆ వీల్లేదు. కొలత మొదటే కుదరాలి!

గాడి ముందు... తోక తర్వాత

ఇంట్లో ఈ పనికి రూటర్ చాలు. 18 మి.మీ. పలకైతే గాడి లోతు 6 నుంచి 8 మి.మీ. ఉంటే సరి. 12.7 మి.మీ. వెడల్పు, 14 డిగ్రీల వాలు ఉన్న డోవ్‌టెయిల్ బిట్ తీసుకోండి. ముందు 6 మి.మీ. తిన్నని బిట్‌తో, అనుకున్న లోతుకి కాస్త తక్కువగా మధ్యలో చెక్క తీసేయండి. తర్వాత డోవ్‌టెయిల్ బిట్‌ని పూర్తి లోతుకి బిగించి ఒకేసారి నడపాలి. ఈ బిట్‌తో కొంచెం కొంచెంగా లోతు పెంచుతూ పోవడం కుదరదు. మధ్యలో రూటర్‌ని పైకెత్తారా... గాడి నోరు చిరిగిపోతుంది!

తోక కోసం రూటర్‌ని తలకిందులుగా బిగించిన బల్ల కావాలి. బిట్‌లో కొంత భాగమే బయటికి కనిపించేలా ఆధారపట్టీ జరిపి, పలకని నిలబెట్టి కుడినుంచి ఎడమకి తోయాలి. ఒక వైపు అయ్యాక తిప్పి రెండో వైపు. రెండు వైపులా కోత పడుతుంది కాబట్టి పట్టీ కాగితం మందం జరిగితే తోక రెండు కాగితాలంత సన్నబడుతుంది. అందుకే అదే మందమున్న పనికిరాని ముక్క మీద ముందు సరిచూసుకోవాలి. కాస్త లావున్న తోకని తగ్గించొచ్చు. సన్నబడ్డదాన్ని పెంచలేం!

చేత్తో తోస్తే సగం దాకా జారాలి. మిగతా సగం చెక్క సుత్తితో మెల్లగా తడితే వెళ్లాలి. అదీ కొలత. జిగురుని ముందువైపు రెండు అంగుళాల మేరే రాయండి. మొత్తం పూస్తే చెక్క తడికి ఉబ్బి సగంలోనే బిగుసుకుపోతుంది. పార్టికల్ బోర్డు ఈ కోతకి నిలవదు. టేకులాంటి అసలు చెక్కే మేలు.

వేళ్లు జాగ్రత్త!

కార్ఖానాల ప్యాకింగ్ పెట్టెల చెక్క చవగ్గా దొరికితే మంచిదే. కానీ దానిమీద ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు. దాన్ని ఇంట్లోకి రానివ్వొద్దు. లోపల మేకులు మిగిలాయేమో అయస్కాంతంతో వెతకాలి. సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి మూడు నాలుగొందల సార్లు తిరిగితే, రూటర్ బిట్ ఇరవై వేల సార్లకు పైనే తిరుగుతుంది. ఆ వేగంలో మేకు తగిలితే...?

బిట్ మార్చేటప్పుడు ప్లగ్ పీకేయాల్సిందే. వేలాడే చేతులు, చున్నీ, గ్లవుజులు వద్దు. కళ్లజోడు, చెవులకి రక్షణ, మాస్కు తప్పనిసరి. కలప పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. పిల్లలు చూస్తామంటే గుమ్మం అవతల నిలబెట్టండి.

ఇంత శ్రమా అంటారా? చివరి దెబ్బతో తోక గాడిలో ఒదిగిపోయినప్పుడు ఆ పిల్లల్నే పిలిచి, అర పట్టుకుని లాగమనండి. వాళ్లెంత లాగినా రాకపోతే... మీ ఆదివారం సార్థకమైనట్టే!